మార్చిలో ఐదుగురు, జూన్‌లో ఎవరు?

మా రూమ్మేట్‌కి బేస్‌బాల్ పిచ్చి ఎక్కించింది వాళ్ళ అన్న. ఆయన లాస్ ఏంజిలెస్ దగ్గర ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. నాకు ఎక్కించింది మా రూమ్మేట్. అక్కడ రాత్రి మ్యాచ్ మొదలయ్యేసరికి మనకి పొద్దున ఏడూ నలభై. ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, ఇంకో చేతిలో ఫోను. రెండో ఇన్నింగ్స్ అవుతుండగానే క్లాసుకి పరిగెత్తాలి. అలా మా ఇద్దరి అటెండెన్సూ, లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ స్కోర్లూ రెండేళ్ళుగా ముడిపడిపోయి ఉన్నాయి.

పోయిన ఏడాది, అంటే 2025 మార్చిలో, మావాడు తెల్లకాగితం మీద ఐదు పేర్లు రాసి గోడకి అంటించాడు. యమమోటో, స్నెల్, గ్లాస్నో, ససాకి, ఒహ్తాని. కింద ఎర్ర పెన్నుతో "చరిత్రలోనే బెస్ట్ రొటేషన్" అని రాశాడు. వాడి తప్పేం లేదు, అమెరికాలో రాసేవాళ్ళలో చాలామంది మాటా దాదాపు అదే. ఆ కాగితం ఇప్పటికీ గోడ మీదే ఉంది. ఈ మార్చిలో కూడా పేర్లేమీ మార్చక్కర్లేదు, తేదీ మారిస్తే చాలు అంటున్నాడు. మార్చాల్సింది తేదీ కాదురా, లెక్కపెట్టే పద్ధతి అని నేను అంటున్నాను. ఈ వ్యాసం ఆ గొడవకి నా వైపు వాదన.

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బంతి విసిరేవాడు పిచర్. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. ఇక్కడ ఇన్నింగ్స్ అంటే అవతలి జట్టులో ముగ్గుర్ని అవుట్ చేయడం. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ని స్టార్టర్ అంటారు. అతను ఈ రోజుల్లో ఐదారు ఇన్నింగ్స్, ఓ తొంభై బంతుల దాకా విసిరి దిగిపోతాడు. మిగతాది బుల్‌పెన్‌లో కూర్చున్న రిలీవర్లు చూసుకుంటారు. ఒకసారి స్టార్ట్ చేసినవాడి చెయ్యి మళ్ళీ సిద్ధం కావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే ఐదుగురు వంతులవారీగా వస్తారు. డాడ్జర్స్‌కైతే జపాన్‌లో వారానికోసారి విసిరే అలవాటున్న ఆటగాళ్ళు ఉన్నారు కాబట్టి వీలైనప్పుడు ఆరుగురిని తిప్పుతారు. ఈ వంతునే రొటేషన్ అంటారు. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, ఆరు నెలలు, దాదాపు రోజూ ఆట.

ఇప్పుడు క్యాల్క్యులేటర్ తీయండి. 162 మ్యాచ్‌లు, ఒక్కోదానికి తొమ్మిది, మొత్తం 1458 ఇన్నింగ్స్. స్టార్టర్ సగటున ఐదుకి కాస్త ఎక్కువ వేస్తాడనుకుంటే ఒక జట్టు స్టార్టర్ల నుంచి రావాల్సింది సుమారు 840 ఇన్నింగ్స్. మార్చిలో ఏ జట్టు రొటేషన్ గురించి మాట్లాడినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆ 840 ఎవరు వేస్తారు? మనం మాత్రం వీళ్ళలో బెస్ట్ ఎవరు అని అడుగుతాం. ఈ రెండు ప్రశ్నలకీ చాలా దూరం ఉంది.

2025లో ఏం జరిగిందో చూడండి. మూడో వంతులు వదిలేసి చెప్తున్నాను. యమమోటో 30 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి 173 ఇన్నింగ్స్ వేశాడు. గ్లాస్నో 90. స్నెల్ 61. అంతకుముందు మోచేతి ఆపరేషన్ అయిన ఒహ్తాని జూన్ 16న గానీ పిచింగ్‌కి రాలేదు, అతనివి 47. ససాకి 36. యమమోటోని పక్కన పెడితే గోడ మీద పేర్లలో మిగతా నలుగురూ కలిసి వేసింది 235 ఇన్నింగ్స్. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఆ ఐదుగురిలో పిచింగ్ చేస్తున్నది యమమోటో ఒక్కడే. స్నెల్‌కి భుజం, గ్లాస్నోకి భుజం, ససాకికి భుజం.

మరి యమమోటో తర్వాత ఆ జట్టులో ఎక్కువ ఇన్నింగ్స్ వేసిన స్టార్టర్ ఎవరు? క్లేటన్ కెర్షా, 112. వయసు 37. ఆ సీజన్ ముందు నవంబర్‌లోనే కాలికీ మోకాలికీ ఆపరేషన్లు. మార్చిలో గాయాల జాబితాలో ఉన్నాడు, మే 17న గానీ మైదానంలోకి రాలేదు. ఆ తర్వాత 11 గెలుపులు, 2 ఓటములు. ఆ తర్వాతి స్థానం డస్టిన్ మేది, 104. ఇతను 2024 సీజన్ మొత్తం ఆడనేలేదు. మోచేతి ఆపరేషన్ నుంచి కోలుకుంటుండగా సలాడ్ తింటుంటే ఆకు గొంతులో ఇరుక్కుని అన్నవాహిక చిరిగింది. నిజమే, జోక్ కాదు. దానికి అర్జెంటుగా ఇంకో ఆపరేషన్. అలాంటివాడు తిరిగొచ్చి వేసిన ఆ 104 ఇన్నింగ్స్ లేకపోతే ఆ మే, జూన్ నెలలు ఎలా గడిచేవో ఊహించండి. జూలై చివర్లో అతన్ని బోస్టన్‌కి పంపేశారు. మా గోడ మీద అతని పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇది ఒక్క ఏడాది దురదృష్టం అంటారేమో. ఒక్క అడుగు వెనక్కి వెళ్దాం. 2024లో ఇదే జట్టులో ఎక్కువ ఇన్నింగ్స్ వేసింది గావిన్ స్టోన్, 140. సీజన్ మొదట్లో అతను వరసలో ఐదోవాడు. 12 ఏళ్ళకి 32.5 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చుకున్న యమమోటో ఆ ఏడాది భుజం పట్టేసి 90 దగ్గర ఆగిపోయాడు. అక్టోబర్ వచ్చేసరికి స్టోన్ భుజం కూడా ఆపరేషన్ టేబుల్ మీదికి చేరింది. ప్లేఆఫ్స్‌లో నమ్ముకోవడానికి మిగిలిన స్టార్టర్లు ముగ్గురే. శాన్ డియాగోతో ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో స్టార్టర్ అనేవాడే లేకుండా ఎనిమిది మంది రిలీవర్లు తలా కాస్తా పంచుకుని 8-0తో గెలిపించారు. ఆ ఏడాది కప్పు కూడా వాళ్ళదే.

ఇంకో అడుగు వెనక్కి వెళ్తే 2023. వంద మ్యాచ్‌లు గెలిచిన జట్టు అరిజోనా చేతిలో వరసగా మూడు ఓడి ఇంటికెళ్ళింది. ఆ మూడు మ్యాచ్‌ల్లో ముగ్గురు స్టార్టర్లూ కలిసి వేసింది ఐదు ఇన్నింగ్స్ కూడా కాదు, ఇచ్చింది 13 పరుగులు. అందులో కెర్షా తీసిన అవుట్ ఒక్కటే. ఆ దెబ్బ తిన్నాకే అంత డబ్బు పిచర్ల మీద కుమ్మరించారు.

మూడేళ్ళు, మూడు మార్చిలు. మూడుసార్లూ ముందు వేసుకున్న జాబితా నిలబడలేదు.

"అంత ఎందుకు మామా, కప్పు గెలిచారా లేదా?" ఇది మావాడి బ్రహ్మాస్త్రం. దీనికి సూటిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే వాడి మాటలో నిజం ఉంది. 2025 అక్టోబర్‌లో ఆ రొటేషన్ నిజంగానే అద్భుతం. మిల్వాకీతో నాలుగు మ్యాచ్‌ల్లో ఇచ్చింది మొత్తం నాలుగే పరుగులు. మొదటిదానిలో స్నెల్ ఎనిమిది ఇన్నింగ్స్ పరుగు ఇవ్వలేదు. రెండోదాన్ని యమమోటో తనే మొదలుపెట్టి తనే ముగించాడు. నాలుగోదానిలో ఒహ్తాని పది మందిని స్ట్రైకౌట్ చేసి, అదే మ్యాచ్‌లో బ్యాటుతో మూడు హోమ్ రన్లు కొట్టాడు. పొద్దున్నే ఇది చూసి నేను క్లాసు ఎగ్గొట్టానని ఒప్పుకుంటున్నాను. స్నెల్, గ్లాస్నో ఆ సీజన్‌లో అన్ని నెలలు విశ్రాంతి తీసుకున్నారు కాబట్టే అక్టోబర్‌కి తాజాగా ఉన్నారు, అదీ ఒక ప్లానే అంటాడు మావాడు.

సరే, ఒప్పుకుందాం. అయితే ఆ విశ్రాంతి ఖర్చు ఎవరు భరించారు? వాళ్ళు లేని ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పేరు లేని కుర్రాళ్ళు, ఆపరేషన్ల నుంచి లేచొచ్చిన పాతవాళ్ళు రోజూ ఐదేసి ఇన్నింగ్స్ నెట్టుకొచ్చారు. అయినా జట్టు 93 గెలుపులకే పరిమితమైంది. శాన్ డియాగో కంటే మూడంటే మూడే ఎక్కువ. నేరుగా రెండో రౌండ్‌కి వెళ్ళే అవకాశం పోయి, సిన్సినాటితో అదనంగా ఒక రౌండ్ ఆడాల్సి వచ్చింది. ఇంకో నాలుగు ఓడిపోయి ఉంటే డివిజనే చేజారేది. అంటే ఆ జట్టుని అక్టోబర్ దాకా మోసింది ఆరో నంబర్ నుంచి పదో నంబర్ దాకా ఉన్నవాళ్ళు. మొదటి ఐదుగురు ఆ తర్వాత కప్పు తెచ్చారు. మోసినవాళ్ళు లేకపోతే తేవడానికి వీళ్ళకి అక్టోబరే ఉండదు.

ఇంకో మాట. ఆఖరి మ్యాచ్ గుర్తుందా? టొరంటోలో ఏడో మ్యాచ్, 2025 నవంబర్ 1. ముందు రోజే ఆరు ఇన్నింగ్స్, 96 బంతులు వేసి గెలిపించిన యమమోటో, మర్నాడు మళ్ళీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చి, పదకొండో ఇన్నింగ్స్ దాకా 34 బంతులు విసిరి 5-4తో కప్పు చేతిలో పెట్టాడు. మేము అరిచిన అరుపులకి వార్డెన్ వచ్చాడు. అది చూసి గర్వపడటం సహజమే. కానీ చల్లబడ్డాక నాకు తట్టింది వేరే విషయం. ఐదుగురు మహామహులున్న జట్టు, చివరికి ముందు రోజు అలసిపోయిన ఒక్క చెయ్యి మీద ఆధారపడింది.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. ఇంటర్‌లో నేను పేస్ బౌలర్‌ని. ఒక టోర్నమెంట్‌లో శనివారం, ఆదివారం కలిపి నాలుగు మ్యాచ్‌లు పెట్టారు. శనివారం సాయంత్రానికే భుజంలో ఏదో గుచ్చుతోంది. చెప్తే తీసేస్తారని భయం. చెప్పలేదు. "నువ్వే మన మెయిన్ బౌలర్" అన్న మాట వినడానికి అంత బావుంటుంది. ఆదివారం రెండో మ్యాచ్ తర్వాత ఆ చేత్తో అన్నం కలుపుకోలేకపోయాను. మా అమ్మ ముద్దలు పెట్టింది. ఇప్పటికీ బస్సులో పై రాడ్ పట్టుకోవాలంటే ఎడమ చెయ్యే. నాదేమీ పెద్ద కెరీర్ కాదు, పోయిందీ ఏం లేదు. కానీ అప్పట్నుంచి "భుజం నొప్పి, 15 రోజులు విశ్రాంతి" అన్న ఒక్క లైను వార్త నాకు ఒక్క లైనులా కనిపించదు.

ఇది బేస్‌బాల్ మొత్తానికి పట్టుకున్న సమస్య. 2011లో ఫిలడెల్ఫియా జట్టుని నలుగురు ఏసుల జట్టు అన్నారు. అందులో హాలడే, లీ, హామెల్స్ ముగ్గురూ ఒక్కొక్కరు 200 ఇన్నింగ్స్ దాటారు. 2025లో మొత్తం 30 జట్లలో కలిపి 200 దాటినవాళ్ళు ముగ్గురే. కారణం రహస్యమేం కాదు. 2008లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకి 148 కిలోమీటర్ల లోపే, ఇప్పుడు 151 పైన. ప్రతి బంతీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసరాలి, దానికి వీలైనంత స్పిన్ తిప్పాలి. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ సొంతంగా వేయించిన నివేదిక కూడా గాయాలకి ఈ వేగం వెంట పరుగునే ప్రధాన కారణంగా చూపించింది. ల్యాబ్‌లో మనం చేసే ఫెటీగ్ టెస్ట్ గుర్తు తెచ్చుకోండి. లోడ్ కొంచెం పెంచితే తట్టుకునే సైకిల్స్ కొంచెం తగ్గవు, బాగా పడిపోతాయి. మోచెయ్యి ఉక్కు కాదు గానీ, పోలిక పూర్తిగా తప్పూ కాదు.

తెగిన మోచేతి లిగమెంట్ స్థానంలో ఒంట్లోంచే ఇంకో టెండాన్ తీసి కుట్టే ఆపరేషన్‌కి టామీ జాన్ అని పేరు. 1974లో మొదటిసారి చేయించుకున్న ఆ పిచర్ కూడా డాడ్జర్స్ వాడే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేశారు. టామీ జాన్ తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. అప్పట్లో అది అద్భుతం. ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, ఒక కుర్రాడికి ఆపరేషన్ అయిందంటే "సరే, వచ్చే ఏడాది చివరికి వస్తాడు" అని లెక్కలో రాసేసుకుంటాం. అలా రాసేసుకోవడం మీదే నా అభ్యంతరం.

మన క్రికెట్‌లో ఈ చర్చ కొత్తదేం కాదు. 2025 ఇంగ్లండ్ టూర్‌కి బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని ముందే చెప్పారు. అందరూ బాధపడ్డారు. ఐదు టెస్టులూ ఆడింది మన హైదరాబాదీ సిరాజ్. 185కు పైగా ఓవర్లు, 23 వికెట్లు, ఓవల్‌లో ఆరు పరుగుల గెలుపు. సిరీస్‌కి ముందు ఎన్ని చర్చల్లో సిరాజ్ పేరు మొదట వినిపించింది? బుమ్రా గొప్పతనంలో రవ్వంత తగ్గించక్కర్లేదు. కానీ రోజూ వచ్చి బౌలింగ్ చేయడం కూడా ఒక ప్రతిభే. దాన్ని "కష్టజీవి" అని మెచ్చుకోలు మాటతో సరిపెడతాం తప్ప అంచనా వేసేటప్పుడు అంకెగా వేసుకోం.

ఇక ఈ సీజన్. ఉత్త విమర్శ ఎందుకు, నా అంచనా కూడా కాగితం మీద పెడతాను, అక్టోబర్‌లో తిట్టడానికి మీకు పనికొస్తుంది.

యమమోటో: 165 ఇన్నింగ్స్. అందరికంటే నమ్మదగినవాడు. కానీ పోయిన ఏడాది నవంబర్ దాకా విసిరిన చెయ్యి అది, కాబట్టి పెంచను.

ఒహ్తాని: 120. మోచేతికి రెండు ఆపరేషన్లు అయినవాడు, పైగా రోజూ బ్యాటింగ్. 2022లో 166 వేశాడు, అది అతని అత్యధికం. అంత ఆశించడం అత్యాశ.

గ్లాస్నో: 100. బంతి చూస్తే లీగ్‌లోనే టాప్. కానీ ఏ సీజన్‌లోనూ 135 చేరలేదు.

స్నెల్: 90. ఇతని లెక్క చాలా విచిత్రం. కెరీర్‌లో 130 దాటింది రెండే రెండుసార్లు, 2018లోనూ 2023లోనూ. రెండుసార్లూ 180, రెండుసార్లూ ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు. మనకి గుర్తుండేవి ఆ రెండే. మిగతా ఏళ్ళు ఎవరికీ గుర్తుండవు.

ససాకి: 90. జపాన్‌లో 2022లో 19 స్ట్రైకౌట్లతో పర్ఫెక్ట్ గేమ్ వేసినవాడు. అక్కడ కూడా ఒక సీజన్‌లో 130 చేరలేదు. పోయిన అక్టోబర్‌లో రిలీవర్‌గా బాగా మెరిశాడు, అది వేరే పని.

మొత్తం 565. కావాల్సింది 840. తేడా 275 ఇన్నింగ్స్, అంటే యాభైకి పైగా మ్యాచ్‌లు. సీజన్‌లో మూడో వంతు మ్యాచ్‌లు గోడ మీద పేర్లు లేనివాళ్ళు మొదలుపెట్టాలి. పోయినసారి ఆ పని చేసిన కెర్షా 3000 స్ట్రైకౌట్లు పూర్తి చేసుకుని రిటైరైపోయాడు. మే లేడు. అందుకే నా ఎర్ర పెన్ను గీత ఎమెట్ షీహన్ కింద పడుతుంది. తను కూడా టామీ జాన్ ఆపరేషన్ నుంచి తిరిగొచ్చి పోయిన ఏడాది 73 ఇన్నింగ్స్ చక్కగా వేశాడు. అతని తర్వాత రోబ్లెస్కీ. ఆపైన భుజం ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న స్టోన్, మోచేతి ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న రివర్ రయాన్ ఎప్పటికి, ఎంత మేరకు తిరిగొస్తారన్నది. ఈ జట్టు రొటేషన్ ఎంత గట్టిదో తేల్చేది ఈ నలుగురే అని నా అభిప్రాయం. ప్రతిభలో మొదటి ఐదుగురికి పదికి పది ఇస్తాను. రొటేషన్ మొత్తానికి ఏడున్నర.

అన్ని జట్లకీ డాడ్జర్స్‌కి ఉన్నంత డబ్బు లేదని మర్చిపోవద్దు. వీళ్ళకి ఇద్దరు పడిపోతే ఇంకో ఇద్దరు దొరుకుతారు. చిన్న జట్లలో ఒక కుర్రాడి భుజం పోతే సీజన్ పోతుంది. ఆ కుర్రాడికి అది తెలుసు. అందుకే చెప్పడు. శనివారం సాయంత్రం నేను చెప్పనట్టే.

కాబట్టి ఈ సీజన్ మొదలయ్యే లోపు మీరూ ఏ జట్టుకైనా జాబితా వేస్తే, ప్రతి పేరు పక్కన గత మూడేళ్ళ ఇన్నింగ్స్ రాయండి. తర్వాత కింద ఇంకో ఐదు గీతలు ఖాళీగా గీయండి. ఆ గీతల్లో పేర్లు నింపగలిగితే అప్పుడు రొటేషన్ గురించి మాట్లాడదాం.

మావాడు ఈ వ్యాసం చదివి కాగితం మాత్రం తీయనన్నాడు. అయితే నిన్న రాత్రి చూస్తే కింద పెన్సిల్‌తో షీహన్ పేరు చేర్చి ఉంది. పక్కన ప్రశ్నార్థకం కూడా.